యుద్ధకాలంలో విజ్ఞాపన ప్రార్థన: నా అనుభవం

ఆదివారం ఆరాధనలో విజ్ఞాపన ప్రార్థన చేసే బాధ్యత 2022 మొదట్లో నాకు అప్పగించారు. చెన్నైలో మాది చిన్న తెలుగు సంఘం. బందరు, ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలే ఎక్కువ. ప్రసంగానికి ముందు ఒకరు లేచి సంఘం కోసం, రోగుల కోసం, దేశం కోసం, లోకం కోసం ప్రార్థించాలి. నేను నర్సుని. రోగుల కోసం ప్రార్థించడం నాకు కష్టం కాదు. మనిషి పేరు తెలుసు, జబ్బేమిటో తెలుసు, ఏం కావాలో తెలుసు కాబట్టి మాటలు వాటంతట అవే వస్తాయి. లోకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "సర్వలోకానికి సమాధానం దయచేయండి తండ్రీ" అని, అంటే శాంతి ఇమ్మని అడిగి, ఆమెన్ చెప్పేసేవాళ్ళం. నాకు ముందు చేసినవాళ్ళూ అంతే, నేను చిన్నప్పుడు బందరులో విన్నదీ అంతే.

ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడి మొదలుపెట్టింది. మా సంఘంలో ఒకరి అమ్మాయి ఖార్కివ్‌లో మెడిసిన్ చదువుతోంది. ఆ ఆదివారం వాళ్ళమ్మ గుడి మెట్ల దగ్గరే నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఖార్కివ్ పేరు పెట్టి ప్రార్థన చెయ్యండి. బంకర్‌లో తాగే నీళ్ళు అయిపోతున్నాయంట" అంది. మార్చి 1న కర్ణాటకలోని హావేరి జిల్లా విద్యార్థి ఒకతను అదే ఊళ్ళో దాడిలో చనిపోయాడు. మర్నాడు మన ఎంబసీ వాళ్ళు, బండి దొరక్కపోతే నడిచైనా సరే, వెంటనే ఖార్కివ్ వదిలి పక్కనున్న పిసోచిన్ లాంటి ఊళ్ళకు చేరుకోమన్నారు. ఈ అమ్మాయి కూడా అలాగే నడిచి వెళ్ళి, చివరికి మన ప్రభుత్వం నడిపిన ఆపరేషన్ గంగా విమానంలో ఇల్లు చేరింది.

వచ్చాక సంఘంలో సాక్ష్యం చెప్పింది. అందరూ దేవుడు తనని ఎలా తప్పించాడో వినాలని కూర్చున్నారు. తను అది చెప్పి, ఇంకో మాట కూడా చెప్పింది. హాస్టల్ వార్డెన్ ఆ రోజుల్లో తన రొట్టె పిల్లలకు పంచిపెట్టిందట. ఆమె సొంత అన్నయ్య ఉండేది సరిహద్దు అవతల, రష్యాలోని బెల్గొరోద్‌లో. ఇద్దరూ ఆర్థడాక్స్ క్రైస్తవులే. ఇద్దరి ఇళ్ళలోనూ అదే ప్రభువు బొమ్మ, అదే కొవ్వొత్తి. "ఆవిడ రోజూ వాళ్ళ అన్నయ్య కోసం ప్రార్థన చేసేది ఆంటీ, అన్నయ్య వైపు నుంచే మా మీద బాంబులు పడుతున్నా" అంది ఆ అమ్మాయి. యుద్ధం గురించి ప్రార్థించడం నేను నేర్చుకోవడం అక్కడే మొదలైంది. అంతవరకు నా ప్రార్థనలో యుద్ధానికి మనుషులు లేరు.

రెండో పాఠం మా ఆసుపత్రిలోనే దొరికింది. హౌస్‌కీపింగ్‌లో పనిచేసే ఒక అక్క రోజూ గుమ్మిడిపూండి నుంచి లోకల్ ట్రైన్‌లో వచ్చేది. ఆమెది శ్రీలంకలో ముల్లైతీవు జిల్లా. 2006లో పసిబిడ్డతో పడవెక్కి ధనుష్కోటి దగ్గర దిగి, మండపం క్యాంపులో పేరు రాయించుకుని, అక్కడి నుంచి గుమ్మిడిపూండి క్యాంపుకు వచ్చింది. 2021లో తమిళనాడు ప్రభుత్వం ఆ శరణార్థి శిబిరాలకు పునరావాస శిబిరాలని పేరు మార్చింది. రాష్ట్రంలో ఇప్పటికీ 50 వేలకు పైగా మనుషులు అలాంటి శిబిరాల్లో ఉన్నారు. మనం విజయవాడ రైల్లో వెళ్తూ గుమ్మిడిపూండి స్టేషన్ ఎన్నిసార్లు దాటి ఉంటాం! అక్కడ ఒక యుద్ధం ఇంకా కాపురం ఉంటోందని నాకు తెలియదు.

ఏటా మే 18న ఆమె టిఫిన్ క్యారియర్‌లో గంజి తెచ్చేది. బియ్యం, నీళ్ళు, అంతే. 2009 మే నెలలో, శ్రీలంక సైన్యానికీ తమిళ పులులకీ మధ్య యుద్ధం ముగిసే రోజుల్లో, ముల్లివాయ్‌క్కాల్ అనే ఇసుక తిన్నె మీద ఇరుక్కుపోయిన జనం చివరి రోజుల్లో తాగింది అదే. అందుకని ప్రపంచంలో ఎక్కడున్నా ఈళం తమిళులు, అంటే శ్రీలంక తమిళులు, ఆ రోజు గంజి కాచి నలుగురికీ పంచుతారు. ఆమె తమ్ముడి కుటుంబం అప్పుడు అక్కడే ఉంది. ఆ తర్వాత వాళ్ళ కబురు లేదు. ఒక రోజు నేను మా సంఘంలో లోకసమాధానం కోసం ప్రార్థిస్తామని చెబితే, ఆమె మాప్ గోడకి ఆనించి ఇలా అంది: "సిస్టర్, మంచిదే. కానీ అప్పుడు మావాళ్ళకి ఉప్పు లేదు. పిల్లలకి పాలపొడి లేదు. ఆసుపత్రి మీద గుండ్లు పడుతుంటే పేషెంట్లని మోసుకుని ఇంకో చోటికి పరిగెత్తారు. ఉప్పు కావాలని, ఆసుపత్రి మీద గుండు పడకూడదని ఎవరైనా దేవుణ్ణి అడిగారా?"

నేను వార్డులో ఏది అవసరమో అది రాసి ఇండెంట్ పెడతాను. సెలైన్ కావాలంటే సెలైన్ అనే రాస్తాను, "రోగికి మేలు కలుగుగాక" అని రాయను. ప్రార్థన కూడా అలాగే ఉండాలని అప్పటి నుంచి పట్టుదల పెట్టుకున్నాను.

ఆమె చెప్పిన ఇంకో మాట ఇప్పటికీ మనసులో మెదులుతుంది. 137వ కీర్తన చివరి వచనాన్ని మా గుడిలో సాధారణంగా పైకి చదవం. బబులోను పసిపిల్లల్ని బండకేసి కొట్టేవాడు ధన్యుడని అందులో ఉన్న మాట భరించలేం. ఆమె అంది, "నేను ఆ వచనం చదివే ఏడ్చాను. నా మనసులో ఉన్నది అదే. దేవుడికి చెప్పేశాను కాబట్టే ఇంకెవరి మీదా చెయ్యెత్తలేదు." శత్రువుని ప్రేమించమని చెప్పే హక్కు నాకెక్కడిది ఆమె ముందు? నేనేమీ అనలేదు. ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి టీ తాగాం.

2023 అక్టోబర్ వచ్చేసరికి మా సంఘంలో పరిస్థితి వేరు. 7వ తేదీన హమాస్ దాడి జరిగిన దగ్గర్నుంచి అందరి ఫోన్ల నిండా ఇశ్రాయేలే. తెలుగు క్రైస్తవులకు ఇశ్రాయేలు అంటే ఎంత మమకారమో వేరే చెప్పాలా? పైగా మన గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్ళు అక్కడ కేర్‌గివర్లుగా ముసలివాళ్ళకి సేవ చేస్తున్నారు. వాళ్ళ కోసం, చనిపోయినవాళ్ళ కోసం, బందీల కోసం ప్రార్థించాం. అది న్యాయమే. కానీ గాజా పేరు ఎవరి నోటా రాలేదు. కొందరైతే మత్తయి 24వ అధ్యాయం తీసి, యుద్ధసమాచారాలు వింటున్నాం కాబట్టి ఇవి అంత్యదినాలు అని తేల్చేశారు. ఆ అధ్యాయంలోనే కలవరపడకుండా చూసుకోమని కూడా ప్రభువు చెప్పాడు. యుద్ధాన్ని లెక్కలు కట్టే క్యాలెండర్‌లా చూస్తే చచ్చిపోయేవాళ్ళు కనబడరు. నా అభిప్రాయం ఇది, గట్టిగానే చెబుతాను.

అక్టోబర్ 17న గాజాలోని అల్ అహ్లీ ఆసుపత్రి ఆవరణలో పేలుడు జరిగింది. ఆ ఆసుపత్రి గురించి చదువుతుంటే నా ఒళ్ళు ఝల్లుమంది. దాన్ని 1882లో మొదలుపెట్టింది చర్చ్ మిషనరీ సొసైటీ. మా బందరులో నోబుల్ దొరగారిని పంపిన సి.ఎం.ఎస్. అదే. 1843లో ఆయన పెట్టిన బడే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. మా నాన్న చదివింది అందులో. అంటే మా నాన్నకి అక్షరాలు నేర్పిన చెయ్యే గాజాలో గాయాలకి కట్టు కట్టింది. ఆ ఆదివారం ప్రార్థనలో అల్ అహ్లీ పేరు చెప్పాను, అక్కడి నర్సుల కోసం అడిగాను. పేలుడు జరిగిన రెండు రోజులకే, 19న, గాజాలోని సెయింట్ పోర్ఫీరియస్ గుడి ఆవరణ మీద దాడి జరిగి అక్కడ తలదాచుకున్న క్రైస్తవులు చనిపోయారు. గాజాలో క్రైస్తవులు ఉన్నారని మా సంఘంలో చాలామందికి అప్పుడే తెలిసింది. పోప్ ఫ్రాన్సిస్ అక్కడి కాథలిక్ గుడికి దాదాపు రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఏం తిన్నారని అడిగేవారట. 2025 ఏప్రిల్‌లో ఆయన చనిపోయే రోజుల వరకు అది మానలేదు. మేం కాథలిక్కులం కాకపోయినా, ఆ ఫోన్ కాల్ నాకు విజ్ఞాపనకి నమూనా అయింది.

అప్పటికి నాకో పద్ధతి కుదిరింది. శనివారం రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఒక చీటీ రాసుకుంటాను. ఒక ఊరి పేరు. అక్కడ ఆ వారం కావాల్సిన ఒక వస్తువు లేదా ఒక పని: నీళ్ళు, కరెంటు, తెరిచి ఉన్న రోడ్డు. అవతలి వైపు నుంచి ఒక మనిషి. ఇంతే. పేపర్లో చదివి నిర్ధారణ అయిందే రాస్తాను. వాట్సాప్‌లో వచ్చింది రాయను. చివర్లో మా ఇంటి దగ్గర నాకు సరిపడని మనిషి ఒకరి పేరు కూడా రాసుకుంటాను, కానీ అది గుడిలో పైకి చదవను.

ఆ చివరిది ఎందుకంటే, మా పై ఫ్లాట్ బాత్రూంలో లీకేజీ ఉండి మా సీలింగ్ అంతా చెమ్మ పట్టింది. వాళ్ళు తమ వల్ల కాదంటారు, అసోసియేషన్ ఎటూ తేల్చదు. మెట్ల మీద ఎదురైతే మొహాలు తిప్పుకునే దాకా వచ్చింది. రోమా పత్రిక 12వ అధ్యాయంలో పౌలు "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి" అంటాడు. అవతలివాళ్ళ చేతిలో ఉన్నది నా లెక్కలోకి రాదు, నా చేతిలో ఎంత ఉందో అంత చెయ్యాలి. రష్యా అధ్యక్షుడి మనసు మార్చమని అడుగుతూ పై ఫ్లాట్ ఆవిడతో మాట్లాడకుండా ఉండడం నాకు కుదర్లేదు. ఒక సాయంత్రం వెళ్ళి, ప్లంబర్‌ని ఇద్దరం కలిసి పిలుద్దాం, ఖర్చు చెరిసగం అన్నాను. పైపు జాయింట్ మార్చారు. డబ్బు విషయంలో ఆవిడకీ నాకూ ఇంకా మాట తేడా ఉంది. కానీ పలకరించుకుంటున్నాం.

నందంబాక్కంలో యుద్ధ శ్మశానం ఉంది. మౌంట్ పూనమల్లి రోడ్డు మీద బస్సులో వెళ్ళేవాళ్ళకి ఆ పచ్చిక కనబడుతుంది. దక్షిణ, తూర్పు భారతంలో చాలాచోట్ల విడివిడిగా ఉన్న రెండో ప్రపంచయుద్ధం సమాధులు చూసుకునే దిక్కు లేక పాడవకుండా 1952లో ఇక్కడికి చేర్చారు. 856 మంది ఉన్నారు. మొదటి యుద్ధంలో చనిపోయిన వెయ్యి మందికి పైగా పేర్లు కూడా అక్కడ చెక్కారు. ఒక శనివారం సండేస్కూల్ పిల్లల్ని తీసుకెళ్ళాం, తోడుగా మా సంఘ పెద్ద సుబేదార్ గారు వచ్చారు. ఆయన ఆర్మీలో చేసి రిటైరయ్యారు, అందరం అలాగే పిలుస్తాం.

పిల్లలు ఒక్కొక్క రాయి దగ్గర కూర్చుని పేరు, వయసు పైకి చదివారు. వాళ్ళ అన్నల వయసువాళ్ళే అందరూ. నన్ను ఆపింది మాత్రం మధ్యలో ఉన్న పెద్ద రాతి సిలువ. దాని మీద కంచు కత్తి ఒకటి, మొన కిందికి పెట్టి బిగించి ఉంది. ఈ కామన్వెల్త్ శ్మశానాల్లో చాలాచోట్ల ఇదే సిలువ, రెజినాల్డ్ బ్లోమ్‌ఫీల్డ్ అనే ఆర్కిటెక్ట్ గీసిన నమూనా. నా రక్షకుడు ఉండాల్సిన చోట కత్తి ఉండడం నాకు బాధగా అనిపించింది. గెత్సేమనే తోటలో పేతురుతో నీ కత్తి వరలో పెట్టు అన్నవాడాయన. సుబేదార్ గారితో అదే అన్నాను. ఆయన చాలాసేపు చూసి, "మొన కిందికి ఉందమ్మా. అంటే పని అయిపోయిందని. నాకైతే ఇది చూస్తే ఇక చాలు అని దేవుడి ముందు దించేసినట్టుంది" అన్నారు. ఆయన చూపుతో నేను చూడలేకపోయాను, నా చూపుతో ఆయనా చూడలేదు. ఇద్దరం పిల్లల్ని లెక్కపెట్టుకుని బస్సెక్కాం.

2025లో యుద్ధం మా ఇంటికే వచ్చింది. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. మే 7న మన సైన్యం పాకిస్తాన్‌లోని ఉగ్రవాద స్థావరాల మీద దాడి చేసింది. మా అక్క కొడుకు జమ్మూ వైపు డ్యూటీలో ఉన్నాడు, రెండు రోజులు ఫోన్ కలవలేదు. బందరు నుంచి అక్క నాకు పొద్దున్నే ఫోన్ చేసి, "నువ్వు లోకమంతటి కోసం తర్వాత చేద్దువుగాని, ముందు నా కొడుకు కోసం ప్రార్థన చెయ్యి" అని ఏడ్చింది. చేశాను. ఆ రోజుల్లో వేరే మాట నోట రాలేదు. పూంఛ్‌లో క్రైస్ట్ స్కూల్ వెనక షెల్ పడి ఆ స్కూలు పిల్లలిద్దరు చనిపోయారని విన్నప్పుడు చీటీలో అది రాశాను, అవతలి వైపు మనిషి కోసం కింద వదిలే ఖాళీని ఖాళీగానే ఉంచాను.

10వ తేదీ శనివారం సాయంత్రం కాల్పుల విరమణ ప్రకటించారు. మర్నాడు ఆదివారం మదర్స్ డే. రాత్రి కూర్చుని, సరిహద్దుకి రెండు వైపులా ఉన్న తల్లుల కోసం అని రాశాను. అది సుబేదార్ గారికి ముందే చెప్పడం మంచిదనిపించి ఫోన్ చేశాను. ఆయన ఒప్పుకోలేదు. "తప్పని అనడం లేదమ్మా. కానీ ముందు మనవాళ్ళ ఇంటికి వెళ్ళు. చచ్చిపోయినవాళ్ళ భార్యలు ఇంకా అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేదు. వాళ్ళ కన్నీళ్ళు ఆరకుండా అవతలివాళ్ళ పేరు ఎత్తితే, వాళ్ళ దుఃఖం మీద నువ్వు కాలు పెట్టి నడిచినట్టు."

ఆ మాటలో న్యాయం ఉంది, అందుకే నేను వాదించలేదు. కాసేపాగి ఆయనే కార్గిల్ సంగతి ఎత్తారు. 1999లో పాకిస్తాన్ తన సైనికుల శవాల్ని తమవని ఒప్పుకోకపోతే, మన సైనికులే వాళ్ళని కొండల మీద ఇస్లాం పద్ధతిలో, మర్యాదగా పాతిపెట్టారు. "అప్పుడు ఎవరూ మమ్మల్ని ప్రేమించమని చెప్పలేదు. సైనికుడు సైనికుడికి చెయ్యాల్సింది చేశాం. నువ్వు ఎలీషా సంగతి చదువు." రెండో రాజుల గ్రంథం 6వ అధ్యాయం. చేతికి చిక్కిన సిరియా సైన్యాన్ని చంపమంటారా అని రాజు అడిగితే, రొట్టె, నీళ్ళు పెట్టి ఇంటికి పంపెయ్యమంటాడు ఎలీషా ప్రవక్త. రాజు గొప్ప విందే చేస్తాడు. నేను ఆ అధ్యాయం ఎన్నోసార్లు చదివాను, కానీ ఒక సైనికుడు చెబితే వినడం అదే మొదటిసారి.

మర్నాడు ప్రార్థన ఆయన చెప్పిన వరసలోనే చేశాను. పహల్గాం విధవరాళ్ళ కోసం, పూంఛ్ పిల్లల కోసం, వీరమరణం పొందిన జవాన్ల ఇళ్ళ కోసం, కాపలాలో ఉన్న బిడ్డల కోసం. తర్వాత ఒక్క వాక్యం, అవతల అదే రాత్రి నిద్రపోని తల్లుల కోసం. ఆమెన్ గట్టిగా వినబడలేదు. ఒకరిద్దరు బయట నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయారు. అక్కకి ఫోన్లో చెబితే చాలాసేపు పలకలేదు. చివరికి, "ఆ తల్లి కూడా మావాడి మీద కాల్చొద్దని వాడికి చెబితే బాగుండు" అంది. నేను విన్న ప్రార్థనల్లో అదే అన్నిటికంటే నిజమైనది.

అక్క కొడుకు సెలవు మీద వచ్చినప్పుడు, నీ కోసం ఏమని ప్రార్థించమంటావురా అని అడిగాను. క్షేమం అంటాడనుకున్నాను. "క్షేమం అమ్మ అడుగుతోందిగా పిన్నీ. నాకు మనసు మొద్దుబారిపోకుండా ఉండాలని అడుగు. అవసరమైతే కాలుస్తాను, నా పని అది. కానీ కాల్చడం నాకు అలవాటైపోకూడదు" అన్నాడు. వాడి వయసుకి అంత బరువైన మాట. యుద్ధంలో క్రైస్తవుడు తుపాకీ పట్టొచ్చా లేదా అనే వాదన నేను చాలా విన్నాను. రోమా సైన్యంలో ఉంటూ విశ్వాసి అయిన కొర్నేలి శతాధిపతి సంగతి ఒకరు, శత్రువుని ప్రేమించమన్న కొండమీద ప్రసంగం ఇంకొకరు ఎత్తుతారు. నాకు ఈ రోజుకీ తేలలేదు. వాడు అడిగింది మాత్రం ప్రతి ఆదివారం అడుగుతున్నాను, అన్ని దేశాల సైనికుల కోసం.

ఇప్పుడు విజ్ఞాపన ప్రార్థన వంతులవారీగా చేస్తున్నాం. నాతో పాటు ఖార్కివ్ నుంచి వచ్చిన అమ్మాయి, సుబేదార్ గారు, యవ్వనస్తుల కూటం నుంచి ఒక అబ్బాయి. సుబేదార్ గారు విజయం కోసం కూడా అడుగుతారు, నేను అడగను. ఇద్దరం ఒకరి ప్రార్థనకి ఒకరం ఆమెన్ అంటాం. చీటీ రాసే పద్ధతి అందరూ పెట్టుకున్నారు. ఒక్కోసారి యోనా గ్రంథం చివరి వచనం చదువుతాం. శత్రువుల పట్టణమైన నీనెవెలో కుడియెడమలు ఎరుగని లక్షా ఇరవై వేలకు పైగా జనం ఉన్నారని, పశువులు కూడా ఉన్నాయని దేవుడే లెక్క చెబుతాడు. ఆ నీనెవె ఉన్నది ఇప్పటి ఇరాక్‌లో, మోసుల్ దగ్గర.

సూడాన్ పేరు మా చీటీల్లోకి ఆలస్యంగా వచ్చింది. అక్కడ 2023 ఏప్రిల్ నుంచి యుద్ధం. 2025 అక్టోబర్ చివర్లో ఎల్ ఫాషర్ పట్టణం, సైన్యంతో పోరాడుతున్న ఆర్.ఎస్.ఎఫ్. అనే సాయుధ దళం చేతికి చిక్కింది. అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో రోగుల్ని, వాళ్ళ వెంట ఉన్నవాళ్ళని చంపారని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. నేను పనిచేసేది కూడా ప్రసూతి వార్డులోనే. ఊరి పేరు రాశాను. కావాల్సినవి రాశాను: తప్పించుకున్నవాళ్ళకి తవీలా అనే ఊరికి వెళ్ళే దారిలో నీళ్ళు, గర్భిణులకి మంత్రసాని, రక్తం. అవతలి వైపు మనిషి అన్న చోట, ఆ వార్డులోకి తుపాకీతో వచ్చినవాడు అని మాత్రమే రాయగలిగాను. వాడి కోసం ఏం అడగాలో సుబేదార్ గారిని అడిగితే, ఆయనకీ తోచలేదు. ఈ ఆదివారం వంతు నాదే.